పెంకు మీది అంకెను చూసి చర్చి వయసు చెప్పకండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన వారం మీ పత్రిక చిత్తూరు జిల్లా పేజీలో మా చర్చి గురించి వార్త వచ్చింది. బ్రిటిష్ వారు 1865లో కట్టిన చర్చికి కొత్త హంగులు వస్తున్నాయని శీర్షిక. కట్టింది బ్రిటిష్ వారు కాదు. 1865 అన్నదానికి ఆధారం లేదు. ఇక ఆ హంగులు చేయబోయే నష్టం గురించి మీ విలేకరి ఒక్క మాట కూడా రాయలేదు. కాబట్టి ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ఊరి పేరు నేను కావాలనే రాయడం లేదు. వార్త చదివినవారికి ఎలాగూ తెలుసు. చదవనివారు నా ఉత్తరం పట్టుకుని మా పాస్టరేటు కమిటీవారిని వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. కమిటీలో అందరూ నాకు కావలసినవాళ్లే, ఒకాయన వరసకు బావమరిది కూడా. నేను ప్రభుత్వ కట్టడాల పనుల్లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం వల్ల వచ్చిన రోగం ఒకటి ఇప్పటికీ వదల్లేదు, ఏ గోడ కనిపించినా వేళ్లతో తట్టి చూస్తాను. మీరు చర్చికి వచ్చేది ప్రార్థనకా, గోడలు తట్టడానికా అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. రెండింటికీ అని నా జవాబు.

ముందు 1865 సంగతి. రంగు వేయడానికి కప్పు ఎక్కిన కుర్రవాడు పగిలిన పెంకు ఒకటి కిందికి తెచ్చాడు. మంగుళూరు పెంకు, మనవైపు బెంగుళూరు పెంకు అని కూడా అంటారు. దాని వెనక బాసెల్ మిషన్ టైల్ వర్క్స్ అనే ఇంగ్లిషు అక్షరాలు, 1865 అనే అంకె అచ్చులో దిగి ఉన్నాయి. కమిటీవారు దాన్ని కడిగి మీ విలేకరి చేతికిచ్చారు, ఆయన ఫోటో తీసి అచ్చేశారు. అయ్యా, అది మా చర్చి పుట్టిన సంవత్సరం కాదు, పెంకుల కర్మాగారం పుట్టిన సంవత్సరం. స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణం నుంచి వచ్చిన మిషన్ వారు మంగుళూరులో 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ అంకెను ముద్రలో ఉంచి ఆ తర్వాత దశాబ్దాల తరబడి పెంకులు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, ఆ మిషన్‌లో జర్మన్లు ఉన్నారన్న కారణంతో ఆంగ్ల ప్రభుత్వం ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకుంది. తరువాత అవి కామన్వెల్త్ ట్రస్టు కింద నడిచాయి. కాబట్టి బాసెల్ మిషన్ పేరున్న పెంకు 1865కూ ఆ యుద్ధానికీ మధ్య ఎప్పుడో కాలిందని చెప్పవచ్చు. అంతకు మించి అది ఏమీ చెప్పదు.

పైగా కప్పు వయసు వేరు, గోడ వయసు వేరు. లోపల నిలబడి ఉత్తరం వైపు గోడ పైభాగం చూడండి. ఇప్పటి దూలాలకు జానెడు కింద, ఒకదాని పక్కన ఒకటి, ఇటుకలతో పూడ్చేసిన చదరపు గూళ్లు వరసగా కనిపిస్తాయి. అవి పాత దూలాలు దిగిన చోట్లు. గూళ్ల మధ్య ఎడం తక్కువ, అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి. ఏటవాలు పెంకుల కప్పుకు అలాంటి ఏర్పాటు అక్కరలేదు, మద్రాసు టెర్రసుకు కావాలి. దగ్గర దగ్గరగా చెక్క దూలాలు వేసి, వాటి మీద పలచని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు కొట్టి చదును చేసే మిద్దె అది. అంటే ఇప్పుడున్న పెంకుల కప్పు రెండోది. మొదటిది కురిసిందో, చెదలు తిన్నదో, మొత్తానికి తీసేసి పెంకులు వేశారు. రెండో కప్పు పెంకు చూపి మొదటి గోడకు పుట్టినరోజు చేశారు మనవాళ్లు.

అసలు సంవత్సరం ఎక్కడుందంటే, తూర్పు గుమ్మం మీది రాతి కమ్మీ మీద ఉంది. 18 స్పష్టంగా చదవవచ్చు. తర్వాతి రెండు అంకెలు సున్నం పూతల కింద, దాని మీద డిస్టెంపరు కింద, దాని మీద ఎమల్షన్ కింద కప్పబడిపోయాయి. ఒక పూట, వేడి నీళ్లు, చెక్క గరిటె, మెత్తటి కుంచె ఉంటే బయటికి వస్తాయి. అనుమతి అడిగితే చూద్దాం అన్నారు. ఇంకా చూస్తున్నారు.

ఇక బ్రిటిష్ వారి సంగతి. తెల్లదొర అంటే ఇంగ్లండు దొరేనని మనకొక అలవాటు. ఈ ప్రాంతంలో ఆర్కాటు మిషన్ అమెరికా వారిది. డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో న్యూయార్కు వదిలి సింహళానికి వచ్చి, తర్వాత మద్రాసు చేరాడు. ఆయన కొడుకులు హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ అనే ముగ్గురు కలిసి 1853లో ఆర్కాటు మిషన్ మొదలుపెట్టారు. చిత్తూరు ఆనాడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. వేలూరు, ఆరణి, చిత్తూరు వారి తొలి మకాములు. పలమనేరు, మదనపల్లె తర్వాత వచ్చాయి. తెలుగు నేర్చుకున్న వైద్యుడు జాకబ్ చేంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో పోయేదాకా ఆ ప్రాంతాన్నే తన ఊరు చేసుకున్నాడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయన చాలా ఏళ్లు అధ్యక్షుడు. వేలూరు ఆసుపత్రి స్థాపించిన ఐడా స్కడ్డర్ ఆ జాన్ స్కడ్డర్‌కు మనవరాలు, పుట్టింది రాణిపేటలో. వైద్యానికి వేలూరు బస్సెక్కని కుటుంబం మన జిల్లాలో అరుదు. అయినా ఆ వంశం అమెరికాదని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

మా గంటే సాక్ష్యం చెబుతుంది. దాని నడుం చుట్టూ మెనీలీ అనే గంటల కంపెనీ పేరు, వెస్ట్ ట్రాయ్, న్యూయార్కు అనే ఊరి పేరు పోతపోసి ఉన్నాయి. ఇంగ్లండు వారు కట్టిన చర్చికి గంట లండన్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో వచ్చేది గానీ, అట్లాంటిక్ అవతలి నుంచి తెప్పించుకోవలసిన పని ఏమిటి? మీ విలేకరి ఆ గంట కిందే నిలబడి ఫోటో దిగారు, తల ఎత్తి ఉంటే చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కట్టినవారు ఎవరో తెలిస్తే తప్ప ఆ కట్టడం అలా ఎందుకుందో అర్థం కాదు. స్కడ్డర్లను పంపింది అమెరికాలో డచ్చివారు స్థాపించిన రిఫార్మ్డ్ సంఘం. హాలెండు నుంచి వలస వెళ్లినవారు 1628లో ఇప్పటి న్యూయార్కులోని మన్‌హటన్ దీవిలో మొదలుపెట్టిన సంఘం అది. 1867 దాకా డచ్చి అనే మాట దాని పేరులోనే ఉండేది. పేరులో ప్రెస్బిటేరియన్ అన్న మాట లేకపోయినా పాలన పద్ధతి అదే. జెనీవాలో మత సంస్కర్త కాల్విన్ నడిపిన దారి, స్కాట్లండులో జాన్ నాక్స్ పట్టుకున్న దారి. బిషప్పు ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టరు కలిసి కూర్చుని సంఘాన్ని నడుపుతారు. కొన్ని సంఘాల పెద్దలు, పాస్టర్లు కలిసి పైసభగా కూర్చుంటారు. 20వ శతాబ్దం మొదట్లో స్కాట్లండు ప్రెస్బిటేరియన్ మిషన్ సంఘాలు, ఆర్కాటు సంఘాలు కలిసిపోవడానికి పెద్ద ఇబ్బంది రాకపోయింది కూడా ఇందుకే. ఇద్దరి దారి ఒకటే, కూర్చునే తీరు ఒకటే.

ఆ కూర్చునే తీరు మా చర్చి గోడల్లో ఉంది. శిలువ ఆకారం లేదు, పొడుగాటి గది అంతే. గది చివర మూడు మెట్ల మీద ప్రసంగ పీఠం, సరిగ్గా నడుమ. దాని ముందు నేల మట్టంలో ప్రభు భోజనపు బల్ల. పీఠానికి అటూ ఇటూ పెద్దలు కూర్చునే రెండు పొడుగు బెంచీలు, అవి జనం వైపు తిరిగి ఉంటాయి. బలిపీఠం లేదు, ఉండకూడదని వారి నమ్మకం. క్రీస్తు బలి ఒక్కసారే జరిగిపోయిందని, మిగిలింది బల్ల మాత్రమేనని వారు చెప్పేవారు. వాక్యం నడిమధ్య ఉండాలి, బల్ల జనానికి చేరువలో ఉండాలి, బొమ్మలు ఉండకూడదు, కిటికీ అద్దాలకు రంగులు ఉండకూడదు. ఇంగ్లండు వారి చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉంటుంది. మాకు తూర్పున బజారు వైపు గుమ్మం, ప్రసంగ పీఠం పడమట. దిక్కు గురించి ఆ అమెరికా వారికి పట్టింపు లేదు, రోడ్డు ఎటు ఉంటే అటు తలుపు పెట్టారు.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వెళితే తేడా తెలుస్తుంది. అటు పనిచేసింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు. వారి మిషన్ తెలుగుదేశంలో మొదలైన సంవత్సరం కూడా 1865 కావడం ఒక తమాషా. ఈ అంకె మన ప్రాంతాన్ని వదిలేలా లేదు. లూథరన్ చర్చిలో బలిపీఠం, దాని మీద కొవ్వొత్తులు, క్రీస్తు రూపమున్న శిలువ మామూలు. అటు నుంచి మా ఊరికి కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లు మొదటి ఆదివారం మా చర్చి చూసి, ఇది బడి గదిలాగా ఉందే అనేవారట. మా నాయనమ్మ ఆ మాటకు కోపగించుకునేది కాదు. వారం రోజులు అది బడి గదే, ఆదివారం మాత్రమే చర్చి అనేది.

మా తాత ఆ పెద్దల బెంచీ మీద కూర్చున్న మనిషి. నాయనమ్మ చెప్పిన సంగతులు నాకు కొన్ని గుర్తున్నాయి. జనానికి బెంచీలు తర్వాత వచ్చాయి, మొదట్లో ఈత చాపలు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ఉదయం అరవంలో ఆరాధన, సాయంత్రం తెలుగులో. రెండూ తెలిసినవాళ్లు రెండింటికీ వచ్చేవారు, రెండో పూట నిద్రపోయేవారు. ప్రభు భోజన సంస్కారం రోజు ద్రాక్షరసపు గిన్నె ఒకటే చేతులు మారేది. ఏ పేట మనిషి ముందు తాగాడని చూసి, తన వంతు వచ్చేసరికి దగ్గు తెచ్చుకుని బయటికి పోయే పెద్దమనుషులు కూడా ఉండేవారట. ఆ గిన్నెను జనంలోకి తెచ్చి ఇచ్చేది పెద్దలే. కాబట్టి ఎవరు తాగలేదో పాస్టరుకంటే ముందు వారికే తెలిసేది, మరుసటి వారం ఇంటికి వెళ్లి అడిగేదీ వారే. పీఠం పక్కన ఉన్న ఆ రెండు బెంచీలు ఎందుకు జనం వైపు తిరిగి ఉన్నాయో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

1908లో ఆ ఆర్కాటు, స్కాట్లండు సంఘాలు లండన్ మిషన్ వంటి మరికొన్ని సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘం అయ్యాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు కూడా చేరి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడింది. బిషప్పులు వచ్చారు. ఇది నాకు సమ్మతమే, విడివిడిగా ఉన్నవారు కలవడం మంచిపనే. మాకూ పీఠం వెనక బిషప్పు గారి కోసం ఎత్తయిన కుర్చీ ఒకటి వచ్చింది, ఆయన ఎప్పుడో ఒకసారి వచ్చి కూర్చుంటారు. అయితే గది మారలేదు. పాలన పద్ధతి కాగితాల మీద మారినా, పాత పద్ధతి ఎలా ఉండేదో చూపే వస్తువు మా ఊళ్లో ఆ గది ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు దాన్ని మారుస్తామంటున్నారు. మీ వార్తలో మెచ్చుకుంటూ రాసిన జాబితానే మళ్లీ చెబుతాను. ముందు భాగంలో రెండు గోపురాలు, వాటికి వెండి రంగు రేకు. గుమ్మం చుట్టూ నల్ల గ్రానైటు. అంటే సంవత్సరం ఉన్న రాతి కమ్మీ దాని వెనక శాశ్వతంగా సమాధి అవుతుంది. లోపల ప్రసంగ పీఠం తీసి మూలకు జరిపి, నడుమ ఎత్తయిన వేదిక, దాని మీద రంగు లైట్లతో బలిపీఠం. పెంకుల కింద తెల్లటి పీవోపీ సీలింగు. కిటికీలు మూసి ఏసీలు. గోడలు చెక్కేసి సిమెంటు పూత. పెద్దల బెంచీలు ఎక్కడికి పోతాయో వార్తలో లేదు. నేను అడిగితే స్టోరుకు అన్నారు.

కమిటీవారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పండుగ ఆరాధనకు సగం మంది బయట షామియానా కింద కూర్చుంటున్నారు. వానకు పడమటి మూల కురుస్తోంది. పెళ్లికి వచ్చిన చుట్టాలు వీడియోలో చర్చి బాగా పడలేదని అంటున్నారు, ఈ చివరిది కమిటీని ఎక్కువగా బాధిస్తున్నట్టుంది. పక్క ఊరి చర్చికి గోపురాలు వచ్చాయి, మనకెందుకు ఉండకూడదు అన్న మాట కూడా విన్నాను. ఉండకూడదని చట్టమేమీ లేదు. కాకపోతే పక్క ఊరి చర్చి నిన్నగాక మొన్న కట్టింది, అక్కడ గోపురం దేన్నీ చెరపలేదు.

సిమెంటు సంగతి మాత్రం అభిరుచి ప్రశ్న కాదు. ఇది నా వృత్తి విషయం, ఇక్కడ కొంచెం గొంతు పెంచుతాను. ఆ గోడలు సున్నంతో కట్టినవి. సున్నపురాయి కాల్చి, నీళ్లతో చల్లార్చి, ఇసుకతో కలిపి, ఎడ్లు లాగే గానుగలో రాతి చక్రం కింద రోజుల తరబడి రుబ్బిన సున్నం. పై పూతకు బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ల తరబడి మెల్లగా రాయిగా మారుతుంది. అలా మారినా దానిలో సన్నని రంధ్రాలు ఉంటాయి. పునాదిలోంచి పైకెక్కే తేమ ఆ రంధ్రాల గుండా బయటికి ఆరిపోతుంది. ఆ కాలపు గోడకు తేమను ఆపే పొర ఉండదు, ఎక్కిన తేమ ఆరిపోవడమే దానికి రక్ష. అలాంటి గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక పైపైకి పాకుతుంది. లోపలి సున్నం మెత్తబడుతుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడి పొడిగా రాలుతుంది.

నా మాట నమ్మనక్కరలేదు. దక్షిణపు గోడకు కొన్నేళ్ల కిందట నడుమెత్తు దాకా సిమెంటు పూశారు. ఇప్పుడు వెళ్లి చూడండి. సిమెంటు ఉన్నంత మేరా బాగానే ఉంటుంది. దానికి సరిగ్గా పైన, అంతకు ముందు ఏనాడూ చెమ్మ లేని చోట, గోడంతా నల్లటి మరక, తెల్లటి ఉప్పు. పూత పూయని ఉత్తరపు గోడ అదే వానకు, అదే నేల మీద నిలబడి పొడిగా ఉంది. ఇప్పుడు మొత్తం గోడలకు ఆ సిమెంటే వైద్యమట. ఇందుకు కంట్రాక్టరును తప్పు పట్టను, ఆయనకు తెలిసింది సిమెంటే.

నేను కమిటీకి రాసి ఇచ్చినవి మీ పాఠకులకూ చెబుతాను. కురుస్తున్న మూలలో పెంకులు, రీపర్లు మార్చితే చాలు, పాత ఇళ్లు పడగొట్టేచోట ఇలాంటి పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. దక్షిణపు గోడ సిమెంటు జాగ్రత్తగా ఊడదీసి సున్నపు పూత వేయాలి. చెట్టినాడు వైపు నుంచి ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ వస్తారు, కూలి ఎక్కువే. కిటికీలు మూయవద్దు. కిటికీల పైన ఉన్న జాలీల్లోంచి వేడిగాలి పోతుంది కాబట్టే ఏప్రిల్ ఆరాధనలో కూడా మనం కూర్చోగలుగుతున్నాం. జనం పట్టకపోవడం నిజమైన సమస్య. దానికి కాంపౌండులో ఉత్తరం వైపు, పాత ఉపదేశి ఇల్లు కూలిన జాగా ఖాళీగా ఉంది. అక్కడ ఎంత పెద్ద హాలైనా కట్టుకోవచ్చు, దానికి గోపురాలు పెట్టుకున్నా, రంగు లైట్లు పెట్టుకున్నా నేను చందా ఇస్తాను. ఏది చేసినా ముందుగా ఆ రాతి కమ్మీ కడిగి, అంకెలు చదివి, ఫోటో తీయనివ్వండి. ఆ ఒక్క పని అయ్యేదాకా గ్రానైటు పని ఆపితే చాలు.

పాత కాగితాలు కావాలంటే ఉన్నాయి. ఆర్కాటు మిషన్ ఏటేటా అచ్చు వేసిన నివేదికల్లో మకాముల వారీగా ఏం కట్టారో, ఏం కూలిందో రాసేవారు. ఆ అమెరికా సంఘం దస్తావేజులు న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ పట్టణంలో భద్రంగా ఉన్నాయి. మా ఊరి పిల్లలు ఎంతమంది న్యూజెర్సీలో లేరు? సెలవు రోజున ఒకరు వెళ్లి అడిగితే పోయేదేమీ లేదు. వారిలో ఇద్దరి తండ్రులు మా కమిటీలోనే ఉన్నారు.

మీ పత్రికను కోరేది రెండు. వార్తను సవరిస్తూ, కట్టింది అమెరికా ఆర్కాటు మిషన్ వారని, సంవత్సరం ఇంకా తేలలేదని రెండు వాక్యాలు వేయండి. మీ విలేకరిని మరోసారి పంపండి. ఈసారి దక్షిణపు గోడను, ఉత్తరపు గోడను పక్కపక్కన ఫోటో తీయమనండి. గోడల కొలతలు, పాత దూలాల గూళ్ల ఎడాలు, పీఠం, బెంచీలు ఉన్న స్థానాలు గీసి ఒక నకలు కమిటీకి ఇచ్చాను. రెండో నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఓవర్సీరు,
చిత్తూరు జిల్లా